పొద్దుగాల జీపు స్టార్ట్ కావట్లేదు: హీటర్ ప్లగ్గులు కొత్తవి, రిలే కొత్తది, ఇంకెక్కడ చూడాలి?

పాకాల జీపు (ఖానాపురం, నర్సంపేట దగ్గర):

అందరికీ నమస్తే. నాది పాత మహీంద్రా జీపు, ప్యూజో ఎక్స్‌డీ3పీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. మూడేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. మిర్చి ఏరే సీజన్‌లో పొద్దున అయిదున్నరకల్లా కూలీలను ఎక్కించుకుని చేన్ల దగ్గర దింపాలి, ఆలస్యమైతే ఆ పూట కూలి వాళ్లకు తగ్గుతుంది, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా, జర ఓపికగా చదవండి.

చలి మొదలైనప్పటి నుంచి ఇదే కథ. హీటర్ స్విచ్ పది సెకన్లు నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది, ఆ పొగలో పచ్చి డీజిల్ వాసన, కానీ అందుకోదు. నాలుగైదు సార్లు కొట్టాక ఒకటి రెండు సిలిండర్ల మీద అందుకుని బండి మొత్తం ఊగుతుంది, అర నిమిషానికి సర్దుకుంటుంది. మొన్న బ్యాటరీ దిగిపోయి ఆడోళ్లంతా దిగి చెరువు కట్ట దాకా తోశారు. వాళ్లతో తోయించడం నాకు చాలా బాధనిపించింది. ఎండ ఎక్కాక, ఒకసారి వేడి పట్టాక మాత్రం తాళం తిప్పితే చాలు, వెంటనే స్టార్ట్.

ఇప్పటిదాకా చేసినవి ఇవీ. బ్యాటరీ మార్చి రెండు నెలలైంది. నాలుగు హీటర్ ప్లగ్గులూ (చలిలో స్టార్ట్ కావడానికి ఇంజిన్ లోపల వేడి చేసేవి) కొత్తవి వేయించా. రిలే (చిన్న స్విచ్ నొక్కితే లావు వైరు కరెంటును కలిపే డబ్బా) కూడా కొత్తది, 70 ఆంపులది. ప్లగ్గులకు ఎంతసేపు కరెంటు ఇవ్వాలో చూసే అసలు టైమర్ డబ్బా బండి కొనేటప్పటికే లేదు, ముందు ఓనరు ఎవరితోనో తీయించేసి రిలే పెట్టించి డాష్‌బోర్డు కింద నొక్కుడు స్విచ్ ఇప్పించాడు. స్విచ్ నొక్కితే రిలే టక్‌మంటుంది. నాలుగు ప్లగ్గులనూ కలిపే లోహపు పట్టీకి వచ్చే లావు వైరు ఊడదీసి, స్విచ్ నొక్కించి, ఆ వైరు కొసకీ బాడీకీ మీటర్ పెట్టి చూశా, 12.5 వోల్టులు చూపించింది. అంటే కరెంటు బాగానే వస్తున్నట్టు కదా? ఒక మెకానిక్ ప్లగ్గులు డూప్లికేట్ అంటాడు, ఇంకొకాయన డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి పనిచేయించాలంటాడు, పది వేలు పైనే అవుతుందట. పంపు విప్పించాలా వద్దా, తెలిసినవాళ్లు చెప్పండి.

పరకాల ట్రాక్టర్:

తమ్మీ, పంపు జోలికి పోయేముందు డీజిల్ లైన్‌లో గాలి జొరబడుతుందేమో చూడు. మా ట్రాక్టర్‌కి అచ్చం ఇట్లనే రాత్రంతా ఆగితే పొద్దున సతాయించేది, ఫిల్టర్ మీద బోల్టు కింద రాగి వాషర్ అరిగి రాత్రి పూట డీజిల్ వెనక్కి జారేది. అరవై రూపాయల వాషర్లతో పోయింది. ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఒక జానెడు ముక్క పారదర్శకమైన పైపు వేసి చూడు, బుడగలు కనబడితే అదే.

కాజీపేట ఆటో వైరింగ్:

పరకాల అన్న చెప్పింది మంచి మాటే, గాలి సమస్య చాలా బండ్లకు ఉంటుంది, కానీ ఇక్కడ ఒక గుర్తు దాన్ని పక్కన పెడుతుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ తెల్లటి పొగ, అందులో డీజిల్ వాసన అంటే డీజిల్ లోపలికి పోతోంది, మండటం లేదు. గాలి పట్టి డీజిల్ అందకపోతే పొగే రాదు, ఎంత కొట్టినా సైలెన్సర్ ఖాళీగా ఉంటుంది. వేడెక్కాక ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతోందంటే పంపు మీద అనుమానం కూడా ఇప్పుడే వద్దు. కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బలం) తగ్గినా ఇట్లాగే ఉండొచ్చు, కానీ దాన్ని ఆఖరుకు పెట్టుకుందాం, ముందు డబ్బు ఖర్చు లేని పని ఉంది.

ఈ ఇంజిన్‌లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్‌లో ఉన్న చిన్న గదిలో పడి అక్కడ అంటుకుని కిందికి వస్తుంది. ఆ గది గోడలు చల్లగా ఉంటే నొక్కిన గాలి వేడినంతా అవే తాగేస్తాయి. అందుకే ఈ రకం ఇంజిన్లు హీటర్ ప్లగ్ లేకుండా చలిలో మొండికేస్తాయి, నేరుగా పిస్టన్ మీద కొట్టే ఇంజిన్లు మన వాతావరణంలో ప్లగ్గులు లేకుండానే నడిచిపోతాయి. పరకాల అన్న ట్రాక్టర్‌కి ప్లగ్గులు లేకపోతే, కారణం కూడా అదే అయి ఉంటుంది.

ఇక నువ్వు చూసిన 12.5 వోల్టుల సంగతి. తమ్మీ, ఆ కొలత నిన్ను తప్పుదారి పట్టించింది. వైరు ఊడదీసి చూశావు, అంటే దాని మీద లోడ్ లేదు. మీటర్ తాగే కరెంటు లెక్కలోకే రాదు, కాబట్టి వైరులో నూరు పోగులకు తొంభై తొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీటర్ పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. కానీ ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ ఒక ఓమ్ కూడా ఉండదు, ఒక్కోటి మొదట్లో 12 నుంచి 15 ఆంపుల దాకా లాగుతుంది, వేడెక్కాక 8, 10కి దిగుతుంది. నాలుగూ కలిపితే మొదటి క్షణంలో 50, 60 ఆంపులు. అంత కరెంటు పోతున్నప్పుడు ఎక్కడ అడ్డం ఉందో అక్కడ వోల్టేజీ పడిపోతుంది. ఖాళీగా చూస్తే ఏదీ తెలియదు.

కాబట్టి వైరు మళ్లీ పట్టీకి బిగించు. ఒకరిని స్విచ్ దగ్గర కూర్చోబెట్టు, నువ్వు చెప్పినప్పుడు ఆరేడు సెకన్లు నొక్కి వదలాలి, రెండు కొలతల మధ్య ఒక నిమిషం ఆగాలి, లేకపోతే కొత్త ప్లగ్గులు నువ్వే కాల్చుకుంటావు. మొదట బ్యాటరీ రెండు పోస్టుల మధ్య ఎంతో రాసుకో. తర్వాత పట్టీకీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఎంతో చూడు. ఈ రెంటి తేడా అర వోల్టు దాటితే దారిలో దొంగ ఉన్నట్టే. వాడిని పట్టుకోవాలంటే మీటర్ అదే డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర పుల్ల బ్యాటరీ ప్లస్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదనే), నల్ల పుల్ల రిలే లోపలికి వచ్చే బోల్టు మీద. అది 30 నంబరు. తర్వాత రిలే 30కీ, బయటికి పోయే బోల్టు 87కీ మధ్య. ఆ తర్వాత 87 నుంచి పట్టీ దాకా. చివరికి ఇంజిన్ బ్లాకు నుంచి బ్యాటరీ మైనస్ పోస్టు దాకా, దీన్ని చాలామంది మర్చిపోతారు, ప్లగ్గుకు ఎర్త్ దాని మరల ద్వారానే అందుతుంది కదా. నాలుగు అంకెలూ ఇక్కడ రాయి.

ఇంకొక మాట, మీటర్‌ని ఆంపుల మీద పెట్టి ఈ లైన్‌లో పెట్టకు. మన చేతి మీటర్లు 10 ఆంపుల దాకే, లోపల ఫ్యూజు పోతుంది. క్లాంప్ మీటర్ దొరికితే, అది డీసీ కొలిచేదైతే, పట్టీకి వచ్చే వైరు చుట్టూ వేసి చూడొచ్చు. ఏసీ మాత్రమే కొలిచేది ఇక్కడ పనికిరాదు.

ఉట్నూరు డీజిల్:

మా ఆదిలాబాద్ వైపు చలి మీకంటే ఎక్కువే, కొన్ని రోజులు సింగిల్ డిజిట్‌లోకి పోతుంది, కాబట్టి ప్లగ్గుల బాధ మాకు ప్రతి ఏడాదీ ఉంటుంది. ప్లగ్గులు డూప్లికేట్ అన్న అనుమానం ఉంటే ఒకటి విప్పి బెంచి వైస్‌లో బిగించి, బ్యాటరీ నుంచి జంపర్ వైరుతో ఆరేడు సెకన్లు కరెంటు ఇచ్చి చూడు. కొస ముందు ఎర్రబడి వేడి పైకి పాకాలి. నడుమ ఎర్రబడి కొస నల్లగా ఉంటే ఆ ప్లగ్గు పనికిరాదు. చేత్తో మాత్రం పట్టుకోవద్దు, మా దగ్గర ఒక పిల్లాడు అట్లాగే వేలు కాల్చుకున్నాడు. విప్పేటప్పుడు ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే విప్పు, బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టకు, ప్లగ్గు హెడ్ లోపల విరిగితే హెడ్ దించాల్సి వస్తుంది. మరలకు టేపు చుట్టడం, రంగు పూయడం కూడా వద్దు, కాజీపేట అన్న చెప్పినట్టు ఎర్త్ దారి అదే.

ఇంకో సంగతి చాలా గట్టిగా చెప్తున్నా. బండి అందుకోవట్లేదని ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడం, స్టార్టింగ్ స్ప్రే కొట్టడం చేయకండి. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో అది ఎర్రగా కాలిన కొసకు తగిలి టైమింగ్‌కి ముందే పేలుతుంది, పిస్టన్ పగులుతుంది. నేను కళ్లారా చూసిన ఇంజిన్ ఒకటి ఉంది.

పాకాల జీపు:

అన్నలందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం చల్లారాక మా తమ్ముణ్ణి స్విచ్ దగ్గర కూర్చోబెట్టి చూశా. ప్లగ్గు ఒకటి విప్పి వైస్‌లో కూడా పెట్టా, కొస నుంచే ఎర్రబడింది, అంటే ప్లగ్గులు మంచివే.

బ్యాటరీ పోస్టుల మధ్య, స్విచ్ నొక్కినప్పుడు 11.8. పట్టీ నుంచి బ్లాకుకి 7.8. నేను రెండుసార్లు చూశా, నమ్మబుద్ధి కాలేదు. బ్యాటరీ ప్లస్ నుంచి రిలే 30 దాకా 2.9. రిలే లోపల 0.2. రిలే 87 నుంచి పట్టీ దాకా 0.6. బ్లాకు నుంచి మైనస్ పోస్టుకి 0.3.

కాజీపేట ఆటో వైరింగ్:

బంగారం లాంటి కొలతలు తీశావు తమ్మీ. కూడి చూడు, 2.9, 0.2, 0.6, 0.3, మొత్తం 4.0. 11.8లోంచి 4 తీస్తే 7.8, పట్టీ దగ్గర నీకు వచ్చింది అదే. లెక్క సరిపోయింది కాబట్టి కొలతల్లో పొరపాటు లేదు, దొంగ కూడా దొరికాడు.

7.8 వోల్టులంటే ఏదో మూడో వంతు తగ్గింది అనుకోకు. వేడి వోల్టేజీతో పాటు కాదు, దాని వర్గంతో పోతుంది. 11.8కి రావాల్సిన వేడిలో నీకు సగం కూడా రావట్లేదు, నూటికి ఓ 44 పాళ్లు. పది సెకన్లు కాదు ఇరవై సెకన్లు నొక్కినా కొస ఎర్రబడాల్సినంత ఎర్రబడదు. నీ రిలే మాత్రం నిర్దోషి, 0.2 మామూలే. దాన్ని మార్చడం వల్ల ఏమీ కలిసిరాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు బ్యాటరీ నుంచి రిలే దాకా ఉన్న దారి మొత్తం టేపు విప్పి చూడు. ఆ 2.9 వోల్టుల దగ్గర సుమారు 30 ఆంపులు పోతున్నాయనుకుంటే 90 వాట్ల దాకా వేడి అక్కడే పుడుతోంది. హెడ్‌లైట్ బల్బు 55, 60 వాట్లు. ఒకటిన్నర హెడ్‌లైట్ అంత వేడి ఏదో ఒక జాయింట్‌లో మగ్గుతోంది, స్విచ్ నొక్కి వదిలిన వెంటనే చెయ్యి పెట్టి తడుముకుంటూ పో, వేడిగా తగిలిన చోటే చూడు. జాగ్రత్త, అది మంటకు కూడా దారి, దగ్గర్లో డీజిల్ పైపు ఉంటే ఇంకా ప్రమాదం.

పాకాల జీపు:

దొరికింది అన్నా. బ్యాటరీ పెట్టె వెనక, చేతికి అందని చోట, టేపు ఉండ ఒకటి ఉంది. తడిమితే వేడిగా ఉంది. విప్పుతుంటే టేపు జిగురు కరిగి వేళ్లకు తారులాగా అంటుకుంది. లోపల అసలు లావు వైరుకీ, ఇంట్లో కరెంటు పనికి వాడే 2.5 స్క్వేర్ ఎం.ఎం. ఎర్ర వైరుకీ మెలిపెట్టి కలిపారు, సోల్డర్ లేదు, లగ్గు (వైరు కొసకు బిగించే రాగి ముక్క) లేదు. రాగి పోగులు కొన్ని నల్లగా బొగ్గులాగా, కొన్నింటికి పచ్చగా చిలుము. వేలితో నొక్కితే పోగులు పుటుక్కున విరిగాయి. ఫ్యూజు అసలు లేనే లేదు, బ్యాటరీ నుంచి నేరుగా రిలేకి. అంత సన్నటి వైరు మీద మూడేళ్లు నడిపా.

ఒక్క డౌట్. వైరు సన్నగా ఉండటం వల్ల పోయిందా, జాయింటు వల్ల పోయిందా? రేపు ఏ సైజు వైరు కొనాలి?

కాజీపేట ఆటో వైరింగ్:

ఎక్కువ తప్పు జాయింటుది. 2.5 వైరు మీటరుకు ఓ 7 మిల్లీ ఓములు, నీకు మీటరున్నర పొడవుందనుకున్నా 30 ఆంపుల మీద మూడో వంతు వోల్టు పోతుంది, అంతే. మిగతా రెండున్నర వోల్టులు ఆ మెలిక తిన్నది. అయినా ఆ సన్నది ఉంచకు, జాయింటు బాగు చేసిన వెంటనే కరెంటు ఇంకా ఎక్కువ పోతుంది, అప్పుడు ఆ వైరే వేడెక్కుతుంది. 10 స్క్వేర్ ఎం.ఎం. మల్టీ స్ట్రాండ్ ఆటోమొబైల్ వైరు ఒకే ముక్క తీసుకో, మధ్యలో జాయింటు వద్దు, రెండు కొసలకూ రాగి లగ్గులు క్రింపింగ్ చేయించు. క్రింపింగ్ అంటే కటింగ్ ప్లేయర్‌తో నొక్కించడం కాదు, ఆ పనికి వేరే పనిముట్టు ఉంటుంది, బ్యాటరీ కేబుళ్లు చేసే షాపులో చేసిస్తారు. బ్యాటరీకి దగ్గరలోనే 80 ఆంపుల స్ట్రిప్ ఫ్యూజు పెట్టించు. రిలే నుంచి పట్టీకి పోయే ముక్క కూడా మార్చు, అక్కడ 0.6 పోతోంది. పట్టీ విప్పి రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది మెరిసేలా చేసి బిగించు. ఇంజిన్ నుంచి బాడీకి, బ్యాటరీకి పోయే ఎర్త్ పట్టీ బోల్టు కింద కూడా రంగు గీకు.

పాకాల జీపు:

రెండు రోజులు ఆగి రాస్తున్నా. అన్నీ చెప్పినట్టే చేశా, వైరు, లగ్గులు, ఫ్యూజు హోల్డర్‌తో కలిపి తొమ్మిది వందల లోపే అయ్యింది. కొలత ఇప్పుడు బ్యాటరీ దగ్గర 11.6, పట్టీ దగ్గర 11.2. బ్యాటరీ దగ్గర ముందు 11.8 ఉండేది, ఇప్పుడు తగ్గిందేమిటని టెన్షన్ పడ్డా. కానీ పొద్దున రెండో సెల్ఫ్‌కే అందుకుంది. పొగ చాలా తగ్గింది.

అయితే మొదటి సెల్ఫ్‌కి ఇంకా అందుకోవట్లేదు. ఒకటి గమనించా. స్విచ్ నొక్కి పట్టుకునే సెల్ఫ్ కొడుతున్నా, కానీ తాళం స్టార్ట్ మీదికి తిప్పగానే రిలే ఇంకోసారి టక్‌మంటోంది. వదిలేసి వెనక్కి వస్తే మళ్లీ టక్. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు రిలే పడిపోతున్నట్టుందా?

కాజీపేట ఆటో వైరింగ్:

11.6 గురించి దిగులు పడకు, ప్లగ్గులు ఇప్పుడు నిజంగా కరెంటు లాగుతున్నాయి కాబట్టి బ్యాటరీ కొంచెం వంగింది.

ఆ రెండో టక్ చాలా ముఖ్యం, మంచి చెవి నీది. స్విచ్‌కి కరెంటు ఎక్కడి నుంచి తీశారో చూడు. వైపరో, టేప్ రికార్డరో, హీటర్ ఫ్యానో ఉన్న లైను నుంచి తీసి ఉంటారు. ఆ లైనుకు సెల్ఫ్ కొట్టేటప్పుడు తాళం లోపలే కరెంటు ఆగిపోతుంది, బ్యాటరీ బలమంతా సెల్ఫ్‌కే పోవాలని అట్లా చేస్తారు. దాంతో నీ హీటర్ కూడా సరిగ్గా కావాల్సినప్పుడే ఆరిపోతోంది. సెల్ఫ్ తిప్పేటప్పుడు లోపలికి వచ్చే చల్లగాలి ప్లగ్గు కొసని ఇంకా చల్లబరుస్తుంది. 15 నంబరు లైను కావాలి, అంటే తాళం ఆన్‌లోనూ, స్టార్ట్‌లోనూ రెండింట్లోనూ బతికి ఉండేది. ఇంజెక్షన్ పంపు మీద డీజిల్ ఆపే సోలనాయిడ్ ఉంటే అది ఆ లైను మీదే ఉంటుంది, లేకపోతే సెల్ఫ్ కొట్టేటప్పుడే డీజిల్ ఆగిపోయేది. టెస్ట్ లాంప్ ఒకటి పట్టుకుని ఫ్యూజు డబ్బాలో వెతుకు, తాళం స్టార్ట్ మీద ఉన్నప్పుడూ వెలిగే ఫ్యూజు ఏదో దాని నుంచి, ఫ్యూజు తర్వాతి వైపు నుంచి, సన్న వైరు తీసుకుంటే చాలు. రిలే కాయిల్‌కి పోయేది చాలా తక్కువ కరెంటు, పావు ఆంపు కూడా ఉండదు, కాబట్టి ఇక్కడ లావు వైరు అక్కర్లేదు.

పరకాల ట్రాక్టర్:

నేను గాలి అన్నాను గానీ మా చిన్నాయన బండికి ఇదే చూడాలనిపిస్తోంది. ఆయన బండికి డాష్‌బోర్డులో స్ప్రింగు చుట్టలాంటి గుర్తున్న హీటర్ లైటు వెలిగి ఆరిపోతుంది, దాంతో హీటర్ బాగానే ఉంది అనుకుంటున్నాం. లైటు ఆరితే ప్లగ్గులు వేడెక్కినట్టేనా?

కాజీపేట ఆటో వైరింగ్:

కాదన్నా. టైమర్ ఉన్న బండ్లలో ఆ లైటు టైమర్ చెప్పినప్పుడు ఆరుతుంది, ప్లగ్గుని చూసి కాదు. నాలుగు ప్లగ్గులూ కాలిపోయి ఉన్నా చాలా పాత బండ్లలో లైటు మామూలుగా వెలిగి మామూలుగా ఆరిపోతుంది. పట్టీ దగ్గరే చూడాలి. ఇంకొకటి, మీ చిన్నాయన బండి కొత్త కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే డీజిల్) ఇంజిన్ అయితే ఈ రిలే, జంపర్ పద్ధతులు వాడొద్దు, వాటిలో కొన్నిటికి 4, 5 వోల్టుల ప్లగ్గులు ఉంటాయి, 12 వోల్టులు నేరుగా ఇస్తే క్షణాల్లో పోతాయి. ప్లగ్గు మీద వోల్టేజీ చెక్కి ఉంటుంది, చదివాకే ముందుకు పోవాలి.

పాకాల జీపు:

వైపర్ లైను నుంచే తీశారన్నా. ఈ రోజు మార్చా. తాళం ఆన్‌లో 12.3, సెల్ఫ్ తిరిగేటప్పుడు కూడా స్విచ్ దగ్గర 10.1 ఉంది, ముందు సున్నా. ఇవాళ పొద్దున మంచు కమ్మి చెరువు కట్ట కూడా కనబడలేదు, ఎనిమిది లెక్కపెట్టి సెల్ఫ్ కొట్టా, మొదటిసారికే అందుకుంది. వెనక ఎక్కుతున్న లచ్చవ్వ ఇంకా ఒక కాలు కిందే ఉంది, ఇంత తొందరగానా అని ఆగిపోయింది. నాలుగు సిలిండర్లూ ఒకేసారి, ఊగుడు లేదు. చాలా రుణపడి ఉన్నా అన్నా.

కాజీపేట ఆటో వైరింగ్:

సంతోషం తమ్మీ. రెండు వారాలయ్యాక పట్టీ మీది నట్లు, రిలే బోల్టులు ఇంకోసారి బిగించు, వేడికి, ఊగుడుకి కొంచెం వదులవుతాయి. తాళం తీసేసి బండి ఆపాక అప్పుడప్పుడు టెస్ట్ లాంప్ పట్టీ మీద పెట్టి చూడు, వెలగకూడదు. వెలిగితే రిలే లోపల కాంటాక్టులు అతుక్కున్నట్టు, వెంటనే బ్యాటరీ వైరు ఊడదీయి.